ఇంటా బయటా: అమెరికాలో ఫిన్నిష్ వాళ్ళ ఇంటిదారి మాటలు

ఫిన్నిష్ భాష నేర్చుకుందామని కూర్చున్న అమెరికన్‌కు తొలి పాఠాల్లోనే మూడు మాటలు తగులుతాయి: కొతీన్, కొతొన, కొతొఅ. ఇంటికి, ఇంట్లో, ఇంటి నుంచి. ఇల్లు అన్న మాట 'కొతి'. (మొదటి అక్షరం హ్రస్వమే సుమా. దీర్ఘం తీస్తే మన పిల్లలు పడీపడీ నవ్వుతారు.) 'మెనెన్ కొతీన్' అంటే ఇంటికి వెళ్తాను. 'ఒలెన్ కొతొన' అంటే ఇంట్లోనే ఉన్నాను. 'తులెన్ కొతొఅ' అంటే ఇంటి నుంచి వస్తున్నాను. నామవాచకానికి ముందు విడిగా నిలబడే ఇంగ్లిష్ విభక్తులకు అలవాటుపడ్డవాళ్ళు సరిగ్గా ఇక్కడే తల పట్టుకుంటారు. అర్థం మార్చే పని అంతా మాట చివర జరుగుతోంది. 'నేను' క్రియలోనే ఇమిడిపోయింది. పైగా 'మెనెన్' అన్నది రోజూ చేసే పనో, రేపు చేయబోయే పనో తేల్చి చెప్పదు. మనకు ఇందులో వింతేముంది? 'ఇంటికి వెళ్తాను' కూడా అంతే కదా.

అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకు భాషలు నేర్పడానికి ఒక సంస్థను నడుపుతుంది. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళకు ఏ భాష ఎంతకాలం పడుతుందో అది లెక్కగట్టి పెట్టింది. స్పానిష్, ఫ్రెంచ్ లాంటివి తేలిక వర్గం. ఫిన్నిష్ కష్టమైన వర్గంలో ఉంది: 44 వారాలు, 1100 గంటల తరగతులు. అదే వర్గంలో తెలుగు కూడా ఉంది. తెలుగువాళ్ళకు ఫిన్నిష్ ఎన్నాళ్ళు పడుతుందో ఆ జాబితా చెప్పదు. చెవి సంగతి వరకైతే సగం పని అయిపోయినట్టే అంటాను. ఫిన్నిష్‌లో 'తులి' అంటే నిప్పు, 'తూలి' అంటే గాలి, 'తుల్లి' అంటే సుంకం కట్టే చోటు. హ్రస్వదీర్ఘాలు, ద్విత్వాలు మార్చితే అర్థం మారిపోయే భాష అది. ఇంగ్లిష్ చెవి దీన్ని పట్టుకోవడానికి నెలలు తంటాలు పడుతుంది. పలక, పాలక, పల్లకి తేడా ఉగ్గుపాలతో వచ్చినవాళ్ళకు ఆ తంటా లేదు.

కొతీన్, కొతొన, కొతొఅ అన్న ఈ మూడూ ఒక వరసలో బుద్ధిగా కనిపిస్తాయి గానీ, నిజానికి అవి ఫిన్నిష్ వ్యాకరణానికే మొండి పిల్లలు. కట్టడం అనే అర్థంలో ఇంటికి 'తలొ' అనే వేరే మాట ఉంది. తలోన్, తలొస్స, తలొస్త అంటే ఆ కట్టడంలోకి, అందులో, అందులోంచి. ఈ పద్ధతి ప్రకారమైతే కొతికి 'కొదిస్స', 'కొదిస్త' అని రావాలి. ఆ రూపాలూ ఉన్నాయి. కానీ 'ఇంట్లో ఉన్నాను' అనేందుకు ఎవరూ వాటిని వాడరు. రోజువారీ మాట కొతొననే. చివరనున్న ఆ 'న' ప్రత్యయం వేల ఏళ్ళ కిందట, ఫిన్నిష్ ఇంకా ఫిన్నిష్ కాకముందు, 'లో' అనే అర్థమిచ్చేది. తర్వాత ఆ పని కొత్త ప్రత్యయాలకు పోయి, 'న'కు 'గా' అన్న అర్థం మిగిలింది: టీచరుగా, పిల్లవాడిగా అనేటప్పటి 'గా'. అలాగే ఒకప్పుడు 'నుంచి' అని చెప్పిన ప్రత్యయం ఇప్పుడు 'కొంచెం, కొంత' అని చెప్పే విభక్తిగా బతుకుతోంది. పాత అర్థాలు మాత్రం జనం రోజూ నోట నానే కొన్ని మాటల్లో గడ్డకట్టి ఉండిపోయాయి. ఇంట్లో, బయట, దూరంగా, వెనక: కొతొన, ఉల్కొన, కౌకన, తకన.

తెలుగులో ఇదే జరిగింది. 'ఇంట్లో' అనడం మనకు మామూలు. కానీ 'ఇంట గెలిచి రచ్చ గెలువు' అన్నప్పుడు, 'ఇంటా బయటా' అన్నప్పుడు 'లో' ఎక్కడుంది? అది పాతకాలపు సప్తమి. వాడుకలోంచి జారిపోయి ఇల్లు, ఊరు, బయలు లాంటి కొద్ది మాటల దగ్గర మాత్రమే ఆగిపోయింది. ఫిన్నిష్‌లో 'కొతొన, ఉల్కొన' అన్నవి మన 'ఇంటా బయటా'కు అచ్చంగా సరిపోతాయి. రెండు భాషలకూ చుట్టరికం ఉందని దీన్నిబట్టి అనుకోనక్కర్లేదు. రోజుకు పదిసార్లు అనే మాటను ఎవరూ సంస్కరించరు, అందుకే పాత రూపం నిలిచిపోతుంది. ఇల్లు అన్న మాట అటువంటిది.

చుట్టరికం ఉందని నమ్మినవాళ్ళు మాత్రం గట్టివాళ్ళే. 1856లో రాబర్ట్ కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం అచ్చువేసినప్పుడు, తెలుగు తమిళ కన్నడాలను సంస్కృతం నుంచి విడదీసి, ఫిన్నిష్‌తో సహా ఉత్తర యూరప్, ఉత్తర ఆసియా భాషలెన్నిటినో కలిపి తాను 'సిథియన్' అని పిలిచిన గుంపు పక్కన కూర్చోబెట్టాడు. 1940ల్లో థామస్ బరో మళ్ళీ ఆ దారి తొక్కి, శరీరావయవాల పేర్లలో ద్రావిడ, యూరాలిక్ భాషలకు పోలికలు వెతికాడు. కొతికి మూలమైన 'కొత' అంటే పూరిపాక, కర్రలు నిలబెట్టి కప్పిన గుడారం. దాని బంధువులు వోల్గా తీరపు భాషల్లో ఉన్నాయి, హంగేరియన్‌లో 'హాజ్' అయింది. మన గుడిసె, గుడి, సంస్కృతపు కుటీరం పక్కన దాన్ని పెట్టి చూడాలని ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది. ఆ దురద తీర్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ నేటి భాషా శాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది ఆ చుట్టరికాన్ని ఒప్పుకోరు. ప్రత్యయాలు అతికించుకుంటూ పోవడం రెండు కుటుంబాలకూ విడివిడిగా అబ్బిన అలవాటు.

ఈ చర్చ పండితుల గదుల్లోనే ఉండిపోలేదు. 1908 జనవరిలో మినసోటా రాష్ట్రం దులూత్‌లో జాన్ స్వాన్ అనే ఫిన్లండ్ వలసదారు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుంటే, ప్రభుత్వ న్యాయవాది అడ్డుపడ్డాడు. ఫిన్నిష్ యూరప్ భాషల కుటుంబంలోది కాదు కాబట్టి ఫిన్నిష్ వాళ్ళు మంగోల్ జాతివాళ్ళే, శ్వేతజాతీయులు కారు, పౌరసత్వం కుదరదు అన్నది వాదన. న్యాయమూర్తి విలియం కాంట్ దాన్ని కొట్టేశాడు. పూర్వం ఎవరైనా కావచ్చు, ఇప్పుడు వీళ్ళు తెల్లవాళ్ళే అని తేల్చాడు. 1923లో భగత్ సింగ్ థింద్ అనే భారతీయుడి పౌరసత్వ కేసు సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు వాదన తలకిందులైంది. ఉత్తర భారత భాషలు ఆర్య కుటుంబానివే కదా అని అతను మొరపెట్టుకుంటే, భాష సంగతి మాకు అనవసరం, మామూలు జనం దృష్టిలో నువ్వు తెల్లవాడివి కావు అన్నారు. భాష వేరైనా ఒకరికి దారి ఇచ్చారు. భాష ఒకటైనా ఇంకొకరికి తలుపు వేశారు.

ఇంతకీ ఈ భాష అమెరికాకు ఎలా వచ్చింది? మొదటి రాక 1638లో మొదలైన న్యూ స్వీడన్ వలసతోనే. డెలవేర్ నది ఒడ్డున దిగినవాళ్ళలో అడవి నరికి తగలబెట్టి రై పండించే ఫిన్నిష్ రైతులు చాలామంది ఉన్నారు. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన జాన్ మోర్టన్ ఆ వంశంవాడే. భాష మాత్రం కొన్ని తరాల్లో ఆనవాలు లేకుండా పోయింది. మనకు కావలసిన కథ 1864, 65ల్లో మొదలవుతుంది. అంతర్యుద్ధంతో కూలీలు దొరక్క మిషిగన్ ఉత్తరపు కొసన కీవెనా ద్వీపకల్పంలో రాగి గనులు నడుపుతున్న క్విన్సీ కంపెనీ, నార్వే ఉత్తర కొసలో ఉన్న గనులకు మనిషిని పంపింది. అక్కడ పనిచేస్తున్న నార్వే, స్వీడన్ వాళ్ళతోపాటు ఫిన్నిష్ మాట్లాడేవాళ్ళు కూడా వచ్చి హ్యాంకాక్‌లో దిగారు. వాళ్ళు రాసిన ఉత్తరాలు ఊళ్ళు తిరిగాయి. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి దాదాపు 3 లక్షలమంది ఫిన్లండ్ వదిలి ఉత్తర అమెరికాకు వచ్చారు. అందులో పెద్ద వాటా పడమటి తీరపు పొహ్యన్మా మైదానాలవాళ్ళది. హంకొ రేవులో ఓడెక్కి ఇంగ్లండ్‌లోని హల్‌లో దిగడం, రైల్లో లివర్‌పూల్ చేరడం, అక్కడ అట్లాంటిక్ దాటే ఓడ పట్టుకోవడం. అదీ దారి.

ఎందుకు వచ్చారంటే, పొహ్యన్మాలో పొలం పెద్ద కొడుక్కి పోతే మిగతావాళ్ళకు చేతులు తప్ప ఏమీ మిగిలేది కాదు. దానికితోడు ఆ కాలంలో ఫిన్లండ్ రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉంది. 1901 నుంచి రష్యన్ సైన్యంలో చేర్చుకుంటామన్న చట్టం భయపెట్టింది. నాలుగేళ్ళు గనిలో దిగి డాలర్లు కూడబెట్టి, తిరిగొచ్చి ఒక పొలం కొనుక్కుందామన్నది చాలామంది లెక్క. ఫిన్నిష్‌లో ఈ లెక్కకు సరిగ్గా సరిపోయే క్రియ ఒకటి ఉంది: 'క్యాయ్ద్యా'. వెళ్ళిరావడం అని అర్థం, వెళ్ళడం మాత్రమే కాదు. దాని వ్యాకరణం కూడా గమ్మత్తుగా ఉంటుంది. వెళ్ళు అనే క్రియతో 'కొతీన్', అంటే ఇంటికి, రావాలి. క్యాయ్ద్యాతో మాత్రం 'కొతొన', అంటే ఇంట, రావాలి. వెళ్ళిన చోట ఉండి వస్తావు కనుక. కొత్తగా నేర్చుకునేవాళ్ళు దీని దగ్గర తప్పకుండా తడబడతారు. గుమ్మం దిగుతూ 'వెళ్తాను' అనకుండా 'వెళ్ళొస్తాను' అనే ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకు దీన్ని వివరించాల్సిన పని లేదు.

వెళ్ళొస్తామన్నవాళ్ళలో దాదాపు అయిదోవంతుమందే తిరిగి వెళ్ళారు. మిగిలినవాళ్ళు 'వన్హ మా' అంటూ, అంటే పాత దేశం అంటూ తలుచుకుంటూ ఇక్కడే ఉండిపోయారు. అమెరికాలో ఫిన్లండ్‌లో పుట్టినవాళ్ళ సంఖ్య 1920 నాటికి లక్షా యాభై వేలకు చేరింది. 1924లో వలసల చట్టం వచ్చి ఏడాదికి కొన్ని వందలమందికే పరిమితం చేసింది. అక్కడితో కొత్త నీరు ఆగిపోయింది.

ఇల్లు ఎక్కడ అన్న ప్రశ్నకు జవాబు ఈ అరవై ఏళ్ళలోనే మారింది. మొదట ఎక్కువమంది పెళ్ళికాని మగవాళ్ళు. ఉండేది 'పోర్తితలొ'లో. ఇంగ్లిష్ బోర్డింగ్ హౌస్‌లో మొదటి ముక్క తీసుకుని, రెండోది తమ 'తలొ' పెట్టుకుని చేసిన మాట అది. గని 'మైని', సభాభవనం 'హాలి', కారు 'కార', చెరువు 'లేకి', పడకగది 'పెతిరూమ'. ఇంగ్లిష్ మాటకు చివర ఒక అచ్చు తగిలించి, దాని వెనక పదిహేను ఫిన్నిష్ విభక్తులనూ జోడించి పరుగెత్తించే ఈ కలగలుపు భాషకు ఫింగ్లిష్ అని పేరు పడింది. బస్సు, రోడ్డు, కారు అని ఉకారం తగిలించుకునే మనం దీన్ని చూసి నవ్వకూడదు. నాకు ముచ్చటేసే సంగతి ఏమిటంటే, పనికి, బండికి, గదికి ఇంగ్లిష్ మాటలు ఇంత ధారాళంగా తెచ్చుకున్నవాళ్ళు కూడా ఇంటికి వెళ్ళడం దగ్గరికి వచ్చేసరికి 'కొతీన్'ను వదల్లేదు. అదే కాలంలో హెల్సింకి వీధుల్లో పిల్లలు ఆ మాటనే మార్చేశారు. స్వీడిష్, ఫిన్నిష్ కలిసి కాచిన అక్కడి వీధిభాషలో ఇల్లు 'హిమ' అయింది, స్వీడిష్ మాట నుంచి పుట్టి. 'మా మేన్ హిమాన్' అంటే నేను ఇంటికి పోతున్నా. ఈ హిమ మొండి పిల్ల కాదు. హిమాన్, హిమస్స, హిమస్త అని పద్ధతిగా నడుచుకుంటుంది. ఇప్పుడు ఫిన్లండ్ యువతరం నోట కొతీన్‌తోపాటు హిమాన్ కూడా వినిపిస్తుంది. మిషిగన్ గనుల్లో పనిచేసిన తాతలకు మాత్రం ఆ మాట తెలిసి ఉండే అవకాశం తక్కువ.

పోర్తితలొ నుంచి సొంత ఇంటికి వెళ్ళిన దారి సమ్మెల మీదుగా పోయింది. మినసోటా మెసాబి ఇనుపగనుల్లో 1907 సమ్మె, మిషిగన్ రాగిగనుల్లో 1913లో మొదలైన సమ్మె. రెండింటిలోనూ ఫిన్నిష్ కార్మికులు ముందున్నారు. రెండో సమ్మెలో, క్రిస్మస్ ముందురోజు క్యాల్యుమెట్‌లో సమ్మెకారుల పిల్లలకు పెట్టిన వేడుకలో ఎవరో 'మంట' అని అరిస్తే మెట్ల మీద తొక్కిసలాటలో 73 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలు, ఎక్కువగా ఫిన్నిష్ కుటుంబాలవాళ్ళు. సమ్మెల తర్వాత ఫిన్నిష్ పేరుంటే గనిలో పని దొరకడం గగనమైపోయింది. అప్పుడు కలప కంపెనీలు చెట్లు నరికేసి మొద్దులు వదిలేసిన భూముల్ని చవగ్గా కొన్నారు. ముందు సౌన కట్టేవారు, ఆవిరిస్నానపు గది. దుంగలతో కట్టిన ఆ చిన్న గదిలోనే కాపురం. కాన్పులు కూడా అందులోనే. ఇల్లు తర్వాత లేచేది. నగరాల్లో వేరే దారి. బ్రూక్లిన్ సన్‌సెట్ పార్కులో ఫిన్నిష్ కార్మికులు తలా కొంత వేసుకుని 1916లో సహకార పద్ధతిలో అపార్టుమెంట్లు కట్టుకున్నారు. అమెరికాలో ఈ తరహా సహకార గృహాల్లో అది మొదటిదని చెబుతారు. దానికి పెట్టిన పేరు 'అల్కు', అంటే ఆరంభం. పక్కనే కట్టిన దానికి 'అల్కు తొయినెన్', రెండో ఆరంభం. ఇక ఆ తరువాత 'కొతీన్' అంటే సముద్రం అవతలిది కాదు.

ఇల్లు వాళ్ళ పేర్లలోనూ ఉంది. చోటును సూచించే 'ల' ప్రత్యయం ఫిన్నిష్‌లో చాలా పాతది. మత్తి ఉండే చోటు మత్తిల, అంత్తి ఉండే చోటు అంత్తిల, అమ్మమ్మగారిల్లు 'ముమ్మొల'. 'ముమ్మొలాన్' అంటే ఆదివారం పిల్లలంతా అనే మాట, అమ్మమ్మగారింటికి. పొహ్యన్మాలో పొలం పేరే మనిషి ఇంటిపేరు. ఇల్లరికం వెళ్తే ఇంటిపేరు మారిపోయేది. ఇల్లరికపు అల్లుడికి వాళ్ళ మాట కూడా 'ఇంటి అల్లుడు' అనే. అందరికీ ఇంటిపేరు ఉండాలన్న చట్టం ఫిన్లండ్‌లో 1921 వరకు అమల్లోకి రాలేదు. ఈలోగా అమెరికా గని గుమాస్తా రిజిస్టరులో పేరు రాయాల్సి వచ్చినప్పుడు పొడుగాటి పేర్లు నోరు తిరక్క, కొండ అన్న చివరి ముక్క 'మాకి' మాత్రం మిగిలింది. మిషిగన్ ఉత్తరాన నేటికీ ఊరికి పదిమంది మాకీలు తగులుతారు. గుంటూరు, నెల్లూరు, పోతుకూచి అంటూ ఊళ్ళను భుజాన మోసుకు తిరిగే మన ఇంటిపేర్లు పాస్‌పోర్టు ఫారం మీద ఏమవుతున్నాయో తెలిసినవాళ్ళకు ఈ కథ కొత్తగా అనిపించదు.

ఇలా ఇక్కడే స్థిరపడ్డాక పిల్లలకు భాష నేర్పడం పెద్ద పనిగా మారింది. ఫిన్లండ్‌లో అక్షరాల పుస్తకానికి పాత చరిత్ర ఉంది. మీకాయెల్ అగ్రికొల 1543లో అచ్చువేసిన అక్షరమాలే ఆ భాషలో తొలి పుస్తకం. అమెరికాలో లూథరన్ సంఘాలు సొంత అచ్చాఫీసు హ్యాంకాక్‌లో పెట్టుకుని 'ఆపినెన్'లు, అంటే బాలశిక్షలు, ముద్రించాయి. బడికి సెలవులు ఇచ్చాక చర్చిల్లో వేసవి బడి. అక్షరం, ప్రార్థన, బైబిలు కథ. అందులో పిల్లలు చదవడం నేర్చుకున్నారు. మాట్లాడటం వంటింట్లో, సౌనలో, ఆవుల కొట్టంలో వచ్చింది. మన ఊళ్ళవాళ్ళు డాలస్‌లో, బే ఏరియాలో ఆదివారాలు నడిపే తెలుగు బడులు, 2007లో సిలికానాంధ్ర మొదలుపెట్టిన మనబడి చూసినప్పుడు ఆ వేసవి బడులే గుర్తొస్తాయి. బడి అక్షరాలు ఇవ్వగలదు. 'ఇంటికెళ్దాం పద' అన్న మాట కారు తాళాలు చేతిలోకి తీసుకుంటూ అమ్మ అనాల్సిందే.

1896లో జె. కె. నికాండర్ అధ్యక్షుడిగా హ్యాంకాక్‌లో సువొమి కాలేజీ పుట్టింది. ఫిన్నిష్ చర్చిలకు పాస్టర్లను తయారుచేయడం, పిల్లల్ని ఫిన్నిష్‌లో నిలబెట్టడం దాని ఉద్దేశం. చర్చివాళ్ళకు కాలేజీ ఉంటే ఎర్రజెండా వాళ్ళకు పత్రికలు, హాళ్ళు ఉన్నాయి. 1903లో మసాచుసెట్స్‌లో పుట్టి హ్యాంకాక్ మీదుగా విస్కాన్సిన్ సుపీరియర్‌కు చేరిన 'త్యోమియెస్', అంటే శ్రామికుడు, వాటిలో పేరున్నది. ఒక వర్గం ఇంకో వర్గం పెళ్ళికి కూడా వెళ్ళేది కాదంటారు.

ఇంటికి వెళ్ళడం అన్న మాట అత్యంత ఖరీదు తీసుకున్నది ఎర్రజెండా వైపే. 1930ల మొదట్లో అమెరికాలో పనుల్లేవు. ఫిన్లండ్ సరిహద్దు పక్కనే సోవియట్ కరేలియా ఉంది, అక్కడ ఫిన్నిష్ పాలనా భాష. రండి, మన భాషలో మన రాజ్యం కట్టుకుందాం అన్న పిలుపుకు అమెరికా, కెనడాల నుంచి 6,000 మందికి పైగా వెళ్ళారు. ఇళ్ళు, కార్లు అమ్ముకుని, రంపాలు, యంత్రాలు పట్టుకుని వెళ్ళినవాళ్ళున్నారు. పుట్టిన దేశం కాదు, పెరిగిన దేశం కాదు, అయినా దాన్ని ఇల్లనుకున్నారు. 1937కు స్టాలిన్ శుద్ధి మొదలైంది. ఫిన్నిష్ బడులు, పత్రికలు మూతపడ్డాయి. వందలమందిని కాల్చి చంపారు. సుపీరియర్‌లో త్యోమియెస్ బాధ్యతలు చూసి, జనాన్ని కరేలియాకు సమీకరించి, చివరికి తన కుటుంబంతో తానూ వెళ్ళిన ఆస్కార్ కోర్గన్‌ను 1938లో కాల్చేశారు. అతను ఎప్పుడు, ఎలా పోయాడన్న నిజం కుటుంబానికి తెలియడానికి దశాబ్దాలు పట్టింది. కూతురు మేమీ సెవాండర్ తర్వాత అమెరికా వచ్చి ఆ చరిత్రను పుస్తకాల్లో పెట్టింది.

ఫిన్నిష్ వాళ్ళు కానివాళ్ళకు ఫిన్నిష్ నేర్పడం రెండో ప్రపంచ యుద్ధంతో మొదలైందనాలి. సైన్యానికి ఉన్నపళంగా భాషలు తెలిసినవాళ్ళు కావాల్సి వచ్చారు. 1943లో ఇండియానా విశ్వవిద్యాలయంలో సైనికులకు పాఠాలు మొదలైనప్పుడు, బుడాపెస్ట్‌లో పుట్టిన థామస్ సెబియోక్ అక్కడికి వచ్చాడు. వ్యాకరణం పక్కనపెట్టి, భాష పుట్టుకతో వచ్చిన మనిషిని ముందు కూర్చోబెట్టి, రోజువారీ వాక్యాలు విని అనిపించడం ఆ పద్ధతి. అలా తయారైన పాఠాలే 1947లో 'స్పోకెన్ ఫిన్నిష్' పేరుతో పుస్తకమయ్యాయి. తర్వాత చిహ్నశాస్త్రంలో ప్రపంచానికి పేరుమోసిన సెబియోక్, అమెరికన్లకు 'ఇంటికి వెళ్తున్నాను' నేర్పే పాఠాలతో మొదలయ్యాడని చాలామందికి తెలియదు.

1961లో మినసోటాలోని కంకార్డియా కాలేజీ, పిల్లల్ని వేసవి శిబిరాల్లో పెట్టి భాషలు నేర్పే పద్ధతి మొదలుపెట్టింది. 1978లో అందులో ఫిన్నిష్ గ్రామం చేరింది, పేరు సలొలంపి. బిమిజీ పట్టణం దగ్గర చెరువు ఒడ్డున ఉంటుంది. అక్కడ పిల్లలు ఫిన్నిష్ పేరు పెట్టుకుంటారు, అన్నం ఫిన్నిష్‌లో అడుగుతారు, సౌన చేసి చెరువులో దూకుతారు. మిషిగన్‌లో మార్కెట్ (Marquette) అనే పట్టణపు టీవీ స్టేషన్ 1962 నుంచి 2015 దాకా ఆదివారం ఉదయం 'సువొమి కుత్సూ', అంటే ఫిన్లండ్ పిలుస్తోంది, అనే కార్యక్రమం వేసింది. యాభై మూడేళ్ళూ నడిపింది కార్ల్ పెల్లొన్‌పా ఒక్కడే. 2020 జూన్‌లో డుయోలింగో యాప్ ఫిన్నిష్ పాఠాలు పెట్టింది. యాప్‌లో తొలి పాఠాల్లోనే మాంత్రికుడు ఎదురవడం మీద నేర్చుకునేవాళ్ళంతా ఛలోక్తులు వేసుకుంటారు. నాకైతే మాంత్రికుడికంటే 'తుల్కా మెయిల్లె' ముందు నేర్పాలనిపిస్తుంది. మా ఇంటికి రండి అని దాని అర్థం. ఇందులో ఇల్లు అన్న మాటే లేదు. 'మా దగ్గరికి రండి' అంటే ఇంటికనే. ఒంటరిగా ఉండే మనిషి కూడా 'మా' అనే అంటాడు, నా అనడు. ఆ మర్యాద తెలుగువాళ్ళకు వివరించాలా? విడిపోయేటప్పుడు అనే 'తెర్వెయిసియా కొతీన్' కూడా ముందే రావాల్సింది. ఇంట్లో అందర్నీ అడిగానని చెప్పండి అనడం అది.

సువొమి కాలేజీ 2000లో ఫిన్లండియా విశ్వవిద్యాలయమని పేరు మార్చుకుంది. అప్పులు పెరిగి, విద్యార్థులు తగ్గి 2023లో మూతపడింది. దాని ఆధ్వర్యంలో ఉన్న ఫిన్నిష్ అమెరికన్ వారసత్వ కేంద్రాన్ని, పాత పత్రికల భాండాగారంతో సహా, ఫిన్లండియా ఫౌండేషన్ నేషనల్ తీసుకుంది. హ్యాంకాక్ వీధి పేర్లు ఇప్పటికీ రెండు భాషల్లో ఉంటాయి. ఫిన్నిష్ మాట్లాడే ముసలివాళ్ళు ఒక్కొక్కరూ పోతున్నారు.

పోనిది ఒకటుంది, అదీ ఇంగ్లిష్‌లో. మిషిగన్ ఉత్తరపు కొసవాళ్ళను 'యూపర్లు' అంటారు. వాళ్ళ ఇంగ్లిష్ వినగానే పట్టిచ్చే లక్షణం, ఎక్కడికైనా వెళ్ళేటప్పుడు విభక్తి ఎగిరిపోవడం. 'లెట్స్ గో మాల్', 'గోయింగ్ పోస్టాఫీస్' అంటారు. మధ్యలో టూ, ద ఏవీ ఉండవు. క్యాథ్రిన్ రెమ్లింగర్ 2017లో అచ్చయిన 'యూపర్ టాక్' అనే పుస్తకంలో ఈ యాసను తరచి చూసింది. ఫిన్నిష్‌లో 'కి' అన్నది విడి మాట కాదు, మాట చివర అంటుకునే తోక. దాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చేటప్పుడు తోక రాలిపోయిందని అనుకోవడం తేలిక. ప్రామాణిక ఇంగ్లిష్‌లో విభక్తి అక్కర్లేని చోటు ఒకటుంది: గో హోమ్. ఇంటికి వెళ్ళేటప్పుడు టూ వద్దన్నప్పుడు బజారుకు వెళ్ళేటప్పుడు మాత్రం ఎందుకు అని ఆ ఊళ్ళవాళ్ళ లెక్క. ఊరెళ్తున్నా, హైదరాబాద్ వెళ్ళొచ్చా, బజారెళ్ళొస్తా అనే మనవాళ్ళెవరైనా హ్యాంకాక్‌లో దిగితే, అక్కడి ఇంగ్లిష్‌లో తప్పు ఎక్కడుందో ఎవరైనా చూపించేదాకా కనిపించదు.